ఆ నీలం రంగు గీకించకండి

ప్రశ్న: మేము పెన్సిల్వేనియాలో ఉంటున్నాం. ఫిలడెల్ఫియాకు గంట దూరంలో కొత్తగా కట్టిన ఇల్లు కొనుక్కున్నాం. సెలవు దొరికితే లాంకాస్టర్ వైపు పల్లెలకు వెళ్లి, అక్కడి పాత వస్తువుల కొట్లలో తిరగడం నాకు అలవాటైంది. అమెరికా తొలినాళ్ల పల్లెటూరి సామాను, ఇక్కడివాళ్లు ‘ప్రిమిటివ్’ అనేది, నా మనసుకు బాగా పట్టింది. ఈమధ్యే ఒక డ్రై సింక్ కొన్నాను. దాని నీలం రంగు సగం పోయింది. మొత్తం గీకించి వార్నిష్ వేయిస్తే కొత్తదానిలా మెరుస్తుందని మావారి స్నేహితుడు అంటున్నారు. ఇంకో కొట్లో 1840ల నాటిదంటూ ఒక ‘పై సేఫ్’ (తినుబండారాలు దాచే పాత అలమర) చూపించి, ఆదివారంలోగా ఏ సంగతీ చెప్పమన్నారు. అసలుదో కాదో ఎలా తెలుస్తుంది? కొత్త ఇంట్లో ఇవి ఇమడాలంటే ఏం చేయాలి? మాకు రెండేళ్ల పాప ఉంది. రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తగారు ‘ముక్కూమొహం తెలియనివాళ్లు వాడి వదిలేసిన సామాను మనకెందుకమ్మా’ అంటున్నారు. మన ఇత్తడి, కలంకారీ వీటి పక్కన నప్పుతాయా? నీలం పిట్ట బొమ్మ ఉన్న పాత జాడీలో ఆవకాయ పెట్టుకోవచ్చా? ఒక రాట్నం కూడా కొనాలని ఉంది.
— పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: ముందు మీవారి స్నేహితుడిని ఆ డ్రై సింక్ దరిదాపులకు రానివ్వకండి. మిగతావన్నీ తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. గీకేసిన రంగు మళ్లీ రాదు కాబట్టి ఈ ఒక్కదానికే వ్యవధి లేదు.

డ్రై సింక్ చూడని పాఠకుల కోసం రెండు మాటలు. ఇంట్లోకి కుళాయి రాని రోజుల్లో, బావి నుంచి తెచ్చిన నీళ్ల బకెట్టునూ గిన్నెలు కడిగే బేసినునూ పెట్టుకోవడానికి చేయించుకున్న చెక్క సామాను అది. పైభాగం లోతు తక్కువ తొట్టిలా ఉంటుంది, కింద తలుపుల అర ఉంటుంది. కొన్నిటి తొట్టిలో జింకు రేకు తాపడం చేసి ఉంటుంది. దాన్ని చేసినది ఊరి వడ్రంగి కావచ్చు, చలికాలం పొలం పని లేక ఖాళీగా ఉన్న రైతే కావచ్చు. ఎవరైనా సరే, చెక్క అందాన్ని చూపించాలన్న ఉద్దేశం మాత్రం వాళ్లకు లేదు. చేతికందిన పైన్, ట్యులిప్ పాప్లర్ పలకలను కోసి బిగించారు. పాప్లర్‌లో పచ్చటి చారలుంటాయి, ఒక పలకకూ ఇంకో పలకకూ పొంతన ఉండదు. అది కనబడకుండా ఉండడానికే రంగు వేశారు. అంటే, రంగు వేశాకే ఆ వస్తువు పూర్తయింది.

ఇది ఇంకా బాగా తెలియాలంటే విండ్సర్ కుర్చీని చూడండి. కూర్చునే పలకను ఒంటికి అనువుగా గుంట తీయాలి కాబట్టి దానికి మెత్తటి పైన్ లేదా పాప్లర్ వాడతారు. కాళ్లు గట్టిగా ఉండాలని మేపుల్‌ను తరిణె పట్టిస్తారు. వీపు వెనక పుల్లలు వంగాలి, విరగకూడదు. అందుకని హికరీ. ఒకే కుర్చీలో మూడు చెక్కలు, మూడు రంగులు. పుట్టుకతోనే దానికి రంగు వేసేవాళ్లు, ముఖ్యంగా ఆకుపచ్చ. ఫిలడెల్ఫియాలో ఇండిపెండెన్స్ హాల్‌కు వెళితే ఆ కుర్చీలే వరుసగా కనిపిస్తాయి. రంగు గీకి వార్నిష్ పూసిన విండ్సర్ కుర్చీ తళతళలాడుతుంది, కాదనను. దాన్ని చేసినవాడు చూస్తే మాత్రం ‘పని సగంలో వదిలేశారేం?’ అని అడుగుతాడు.

1960, 70ల్లో తేనె రంగు పైన్ చెక్క ఇంట్లో ఉండడం గొప్పగా ఉండేది. ఆ మోజులో లెక్కలేనన్ని పాత బీరువాలను రసాయనాల తొట్లలో ముంచి రంగు వదలగొట్టారు. ఇప్పుడు కొనుగోలుదారులు వాటిని పక్కకు నెట్టి, పాత రంగు పొరలు పొరలుగా మిగిలిన దానికే ఎక్కువ డబ్బు పోస్తున్నారు. డబ్బు సంగతి అలా ఉంచినా, మీ సింక్ మీద ఆ నీలం ఎక్కడ పోయిందో చూడండి. తొట్టి అంచున బకెట్టు రాసుకున్న చోట, తలుపు గడియ చుట్టూ వేళ్లు పడిన చోట పోయి ఉంటుంది. మీరు డబ్బు పెట్టి కొన్నది ఆ అరుగుదలనే. దాన్ని గీకించేస్తే మిగిలేది నాలుగు పాప్లర్ పలకలు. అవి కావాలంటే కలప డిపోలో చవకగా దొరుకుతాయి.

ఇలాంటి ప్రతి రంగునూ ‘మిల్క్ పెయింట్’ అని చెప్పి అమ్మడం ఇక్కడ పరిపాటి. పాలు, సున్నం కలిపి చేసిన రంగులు ఉన్నమాట నిజమే కానీ, పరీక్షించి చూసిన పాత సామానులో చాలావాటి మీద ఉన్నది అవిసె నూనెలో కలిపిన రంగే. అమ్మేవాళ్లు ఆ మాట అనగానే ధర పెంచనివ్వకండి.

ఇక శుభ్రం చేయడం. మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి. ఆ తర్వాత గుడ్డను నీళ్లలో ముంచి గట్టిగా పిండి, ఎవరికీ కనబడని మూల ఒకసారి తుడిచి చూడండి. గుడ్డకు నీలం అంటుకుంటే అక్కడితో ఆపేయండి. అంటకపోతే మిగతాదంతా అలాగే తుడిచి, ఆరాక మైనం పలుచగా పట్టించండి. అవిసె నూనె పూయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వినకండి. అది ఏళ్లు గడిచేకొద్దీ నల్లబడి జిగటగా మారుతుంది. సూపర్‌మార్కెట్లో దొరికే స్ప్రే పాలిష్‌లు అసలే వద్దు. చెక్కలో సన్న చిల్లులుండి, వాటి కింద నేల మీద తాజా పిండి రాలుతూ ఉంటే పురుగు ఇంకా బతికే ఉందన్నమాట. అప్పుడు దాన్ని మిగతా సామానుకు దూరంగా ఉంచి పురుగు మందు చల్లేవాళ్లను పిలవాలి. చిల్లులున్నా పిండి రాలకపోతే బెంగ లేదు.

గీకించవద్దనడానికి ఇంకో కారణం ఉంది, అది మీ పాప. ఇళ్లకు వాడే రంగుల్లో సీసాన్ని అమెరికా 1978లో నిషేధించింది. అంతకు ముందరి రంగు ఏదైనా సరే, అందులో సీసం ఉందనుకునే నడుచుకోవాలి. గరుకు కాగితంతో రుద్దితే ఆ ధూళి ఇల్లంతా పరుచుకుంటుంది, నేల మీద పాకి చేతులు నోట్లో పెట్టుకునే పిల్లల కడుపులోకి పోతుంది. రుద్దకుండా వదిలేసినా, రంగు పెచ్చులుగా ఊడుతుంటే ప్రమాదమే. కాబట్టి మీ సింక్‌ను ఒకసారి వేలితో తడిమి చూడండి. రంగు గట్టిగా పట్టుకుని ఉంటే మైనం పూసి, పాప ఒంటరిగా ఆడుకోని చోట పెట్టుకోండి. పొట్టులా రాలుతుంటే పాప పెద్దదయ్యేదాకా తాళం వేసే గదిలో ఉంచండి. ఇంట్లో చేసుకునే పరీక్ష పుల్లలు కొట్లలో దొరుకుతాయి కానీ వాటిని పూర్తిగా నమ్మలేం. లైసెన్సు ఉన్న సీసం ఇన్‌స్పెక్టర్ చేతి యంత్రం పెట్టి చూస్తే రంగుకు గీత పడకుండానే తేలిపోతుంది. పాప రక్తంలో సీసం పరీక్ష గురించి పిల్లల డాక్టరును అడగండి. ఈ వయసులో ఇక్కడ అది మామూలుగా చేసే పరీక్షే. పాత ఉయ్యాల, పాత పిల్లల మంచం మాత్రం ఎంత ముద్దుగా ఉన్నా పాపను పడుకోబెట్టడానికి కొనకండి. కమ్మీల మధ్య సందు ఎంత ఉండాలో ఇప్పటి నిబంధనలు అప్పటివాళ్లకు తెలియవు.

ఇప్పుడు పై సేఫ్ దగ్గరికి వద్దాం. ‘పై’ అనే పండ్లు కూరిన పిండివంట, రొట్టె, మాంసం లాంటివి ఈగలకూ ఎలుకలకూ అందకుండా దాచుకున్న అలమర ఇది. తలుపులకు తగరపు పూత రేకులు బిగించి, గాలి ఆడడానికి వాటికి చిల్లులు పొడిచారు. ఎలాగూ చిల్లులు పొడవాలి కదా అని నక్షత్రాలు, చక్రాలు, తులిప్ పూలు వచ్చేలా పొడిచారు. ఆ ముచ్చటే ఇప్పుడు దానికి గిరాకీ తెచ్చింది, గిరాకీ ఉన్నచోట నకిలీలూ ఉంటాయి.

కొట్టుకు వెళ్లేటప్పుడు టార్చి లైటు, కొలత టేపు తీసుకెళ్లండి. ముందు వైపుతో మొదలుపెట్టకండి. ముందు భాగం మిమ్మల్ని మెప్పించడానికే ఉంది. సేఫ్‌ను గోడ నుంచి జరపమని అడగండి. సొరుగు ఉంటే పూర్తిగా బయటికి లాగి బోర్లించండి. అడుగు పలక మీద వేళ్లు అడ్డంగా పోనివ్వండి. చేత్తో చిత్రిక పట్టిన పలక కంటికి నున్నగా కనిపించినా, వేలికి సన్నటి అలలు తగులుతాయి. అద్దంలా సమంగా ఉంటే యంత్రం పని. ఆ పలక అంచులను పలుచగా చెక్కి, పక్క చెక్కల గాడిలోకి దూర్చి ఉంటారు. మూలల్లో డవ్‌టెయిల్ అతుకులను, అంటే పావురం తోక ఆకారంలో పళ్లు కోసి ఒకదాంట్లో ఒకటి దూర్చిన అతుకులను చూడండి. చేత్తో కోసినవైతే ఒకటి లావు, ఒకటి సన్నం. ఎక్కడ కోయాలో గుర్తుకోసం సూదిమొనతో గీసిన గీత పక్కనే ఇంకా ఉంటుంది. అన్నీ ఒకే కొలతలో అచ్చు గుద్దినట్టుంటే అది పంతొమ్మిదో శతాబ్దం చివరి సామాను, లేదా నిన్నటిది. సొరుగు జారే పట్టాలు అరిగి గాడి పడి ఉండాలి. లోపల వార్నిష్ ఉండకూడదు, ఉంటే ఎందుకుందో అడగండి. కొత్త రంగు వాసనో కాఫీ డికాక్షన్ వాసనో వస్తే అడగాల్సిన పని కూడా లేదు.

వెనక పలకల మీద రంపం గాట్లు కనిపిస్తాయి. నీటి మిల్లులో పైకీ కిందికీ ఆడిన రంపం తిన్నని గీతలు వదులుతుంది. గుండ్రటి రంపం విల్లులా వంగిన గీతలు వదులుతుంది. గుండ్రటి రంపాలు విరివిగా వాడుకలోకి వచ్చింది 1830, 40ల తర్వాతే. అందువల్ల వంపు గీతలున్నంత మాత్రాన మీ సేఫ్ 1840లది కాదనలేం. అదే ఎవరైనా 1780ల నాటిదని చూపిస్తే మాత్రం నవ్వి ఊరుకోవచ్చు. మేకులు ఇంకా బాగా సాక్ష్యం చెబుతాయి. 1800కు అటూ ఇటూ దాకా కమ్మరి కొట్టిన మేకులు, తలకాయ మీద సుత్తి దెబ్బల పలకలు ఉంటాయి. ఆ తర్వాత సుమారు 1890 దాకా రేకు నుంచి యంత్రం కోసిన చతురస్రపు మేకులు. ఇప్పుడు మనం వాడే గుండ్రటి తీగ మేకులు చివర్లో వచ్చాయి. మీ సేఫ్‌లో చతురస్రపు మేకులు ఉండాలి. ఒకటి రెండు తీగ మేకులు మరమ్మతువి కావచ్చు, అన్నీ అవే అయితే కథ మారుతుంది. తలుపు కీలు వదులుగా ఉంటే ఒక మర (స్క్రూ) ఊడదీసి చూపించమనండి. 1840ల మధ్య దాకా మరల మొన మొద్దుగానే ఉండేది, సూదిమొన మరలు ఆ తర్వాతివి. అయితే పాత మేకులు, పాత పలకలు సంపాదించి కొత్త సామాను చేసే గడుసువాళ్లూ ఉన్నారు. కాబట్టి ఏ ఒక్క గుర్తునూ పట్టుకుని తీర్పు చెప్పకండి. అన్నీ ఒకే మాట చెబుతున్నాయా లేదా చూడండి.

రేకుల దగ్గర ఎక్కువసేపు ఆగండి. కింది అంచునా పొడిచిన చిల్లుల చుట్టూ తుప్పు ముందు మొదలవుతుంది, మధ్యలో ముదురు బూడిద రంగు మిగులుతుంది. రేకంతా ఒకే రకంగా ఎర్రబడి ఉంటే యాసిడ్ పూసి ముసలిదాన్ని చేశారన్నమాట. రేకు అంచుల పక్కన చెక్క మీద, ఇప్పుడు మేకు లేని పాత చిల్లులు కనిపిస్తే ఆ రేకు తర్వాత వచ్చింది. ఎలుక కొరికిన మూలలు, అరిగిన కాళ్లు దోషాలు కావు. కాళ్లు మొత్తంగా కోసేసి పొట్టి చేసి ఉంటే దోషమే. పైభాగం ఒక అలమరది, కింది భాగం ఇంకోదానిది తెచ్చి జత చేసి అమ్మడం కూడా ఉంది. ఈ వ్యాపారంలో దాన్ని ‘మ్యారేజ్’ అంటారు. రెంటి వెనక పలకల రంగు, మందం, మేకులు కలుస్తున్నాయో లేదో చూస్తే ఆ పెళ్లి ఏనాటిదో తెలిసిపోతుంది.

ఇన్ని చెప్పినా నిపుణులే బోల్తా పడ్డ సందర్భాలున్నాయి. రోడ్ ఐలండ్ శిల్పి ఆర్మాండ్ లమొంటాన్యె 1969లో, పదిహేడో శతాబ్దపు ‘బ్రూస్టర్ కుర్చీ’ లాంటిదాన్ని తయారుచేసి, పండితుల పనిపట్టాలని పొగబెట్టి, విరగ్గొట్టి, ముసలిదాన్ని చేసి వదిలాడు. అది చేతులు మారి మారి హెన్రీ ఫోర్డ్ మ్యూజియం దాకా చేరింది. వాళ్లు 9,000 డాలర్లు పోసి కొన్నారు. 1977లో గుట్టు బయటపడింది. గుంజలు దూర్చిన రంధ్రాలను ఎక్స్‌రే తీస్తే, పదిహేడో శతాబ్దంలో లేని డ్రిల్ మొన గుర్తు లోపల కనిపించింది. అది కూడా అతను కావాలని వదిలిన ఆనవాలే. మ్యూజియంవాళ్లను మెచ్చుకోవాలి, ఆ కుర్చీని పారేయకుండా నకిలీలను గుర్తుపట్టడం నేర్పడానికి ఉంచుకున్నారు.

మీకు ఆదివారం గడువు పెట్టినవారి సంగతి. గడువు మీకు కాదు, వాళ్లకు. పై సేఫ్‌లు అరుదైన వస్తువులేం కావు. ఆడమ్స్‌టౌన్‌లో ఆదివారం సంతలకు వెళ్లండి, ఒకే ఉదయం ఎన్ని చూస్తారో మీకే తెలుస్తుంది. నచ్చితే ధర మాట్లాడుకుని, బిల్లు మీద సుమారు కాలం, రంగు మొదటిదా తర్వాత వేసిందా, రేకులు అసలువా, ఏ మరమ్మతు జరిగింది అన్నవి రాయించుకోండి. నిజాయితీగా అమ్మేవాళ్లు అడగకముందే రాసిస్తారు. నోటితో 1840 అని, కాగితం మీద ‘పాత అలమర’ అని రాసేవాళ్ల దగ్గర కొనకండి.

అంతకంటే ముందు ఒక శనివారం డాయిల్స్‌టౌన్‌లోని మెర్సర్ మ్యూజియానికి వెళ్లిరండి. మీకు దగ్గరే. హెన్రీ మెర్సర్ అనే పురాతత్వవేత్త 1897లో తన పాతకాలపు పొయ్యికి పట్టకారు కోసం ఒక పాతసామాన్ల వ్యాపారి దగ్గరికి వెళ్లి, అక్కడ గుట్టగా పడి ఉన్న పనిముట్లను చూసి ఆగిపోయాడు. యంత్రాలు రాకముందు అమెరికా చేత్తో ఎలా బతికిందో చెప్పే సాక్ష్యమంతా చెత్తలోకి పోతోందనిపించి కొనడం మొదలుపెట్టాడు. వాటి కోసం 1916 నాటికి కాంక్రీటుతో ఆరంతస్తుల కోట లాంటిది కట్టించాడు. నడిమి హాల్లో నిలబడి తలెత్తితే ఉయ్యాలలు, కుర్చీలు, బండ్లు, ఆఖరికి తిమింగలాల వేట పడవ కూడా పైనుంచి వేలాడుతుంటాయి. మేకులు, కీళ్లను బట్టి పాత ఇంటి వయసు కట్టే పద్ధతిని శ్రద్ధగా రాసిపెట్టిన తొలివారిలో ఆయన ఒకరు. కొట్లలో నెలల తరబడి తిరిగినా రాని చూపు అక్కడ ఒక పూటలో వస్తుంది. ఓపికుంటే డెలావేర్‌లో వింటర్‌థర్ మ్యూజియం కూడా చూడండి. అయితే అక్కడ ఎక్కువ భాగం పట్టణపు ధనికుల సామాను.

ఇంట్లో అమర్చుకోవడం దగ్గర నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. ‘ప్రిమిటివ్’ పేరుతో ఇప్పుడు అమ్ముడవుతున్నదాంట్లో చాలావరకు కొత్త సరుకే. కాఫీలో ముంచిన గుడ్డబొమ్మలు, తుప్పు పట్టించిన నక్షత్రాలు, నల్ల కాకులు, ఎండు బెర్రీల దండలు. ఇవన్నీ గోడల నిండా తగిలించి, గోడలకు ముదురు ఆవపిండి రంగు వేసి, మధ్యాహ్నం కూడా దీపం పెట్టుకోవాల్సినంత చీకటి చేసుకుంటారు. ఆనాటి పల్లె జనానికి చీకటి సరదా కాదు, కొవ్వొత్తికి ఖర్చవుతుంది. దొరికినంతలో వాళ్లు కాంతిమంతమైన రంగులే వాడారు. ఇనుప మట్టి చవక కాబట్టి ఎరుపు, ఇంకా ప్రష్యన్ బ్లూ, పసుపు, ఆకుపచ్చ. గోడలకు కాగితం కొనలేని ఇళ్లలో మోజెస్ ఈటన్ లాంటి సంచార చిత్రకారులు అచ్చులు పట్టుకుని వచ్చి, తెల్ల గోడల మీద ఎర్ర పూలు, పచ్చటి తీగలు దిద్ది వెళ్లేవారు. మసకబారడం కాలం చేసిన పని, వాళ్లు కోరుకున్నది కాదు.

మీ ఇల్లు కొత్తది, కప్పు ఎత్తుగా ఉంటుంది. ఈ సామాను తలకు తగిలేంత తక్కువ ఎత్తు గదుల కోసం చేసింది. నాలుగు చిన్న వస్తువులు పెద్ద హాల్లో విడివిడిగా పెడితే దిక్కులేనివాటిలా ఉంటాయి. గదికి ఒక్కటే పెద్దది పెట్టండి. భోజనాల గదిలో ఆ సేఫ్, లేదా పైభాగం వెనక్కి తగ్గి ఉండే స్టెప్‌బ్యాక్ అలమర. చుట్టూ గోడ ఖాళీగా వదిలేయండి. గోడలకు సున్నపు తెలుపు వేస్తే ఏ పాత రంగైనా దాని ముందు నిలబడుతుంది. మీ సోఫా ఇప్పటిదైతే ఇప్పటిదిగానే ఉండనివ్వండి, దాన్ని పాతదానిలా కనిపించేట్టు చేయాలని చూడకండి.

కొన్న ప్రతిదానికీ ఇంట్లో ఒక పని అప్పగించండి. డ్రై సింక్ మీద కాఫీ సామగ్రి పెట్టుకోవచ్చు, కింద అరలో పెద్ద గిన్నెలు దాచుకోవచ్చు. తొట్టిలో నీళ్లు మాత్రం నిలవనివ్వకండి. దుప్పట్ల పెట్టె కొంటే అందులో దుప్పట్లే పెట్టండి, కాకపోతే పాత చెక్క గుడ్డకు తగిలితే గోధుమరంగు మరకలు పడతాయి కాబట్టి యాసిడ్ లేని కాగితం పరచండి. దాని మూత బరువు, చిన్న వేళ్ల మీద పడితే ప్రమాదం. మూత పడగానే తనంతట తానే తాళం పడే పెట్టెలైతే ఆ తాళం తీయించేయాలి. పొడవాటి అలమరలను వెనక నుంచి పట్టీతో గోడ లోపలి చెక్క గుంజకు బిగించండి. వెనక పలకకు ఒక చిన్న చిల్లు పడినా ఫరవాలేదు, పాప పట్టుకుని వేలాడితే అలమర మీద పడకుండా ఉండడం ముఖ్యం. చలికాలం హీటర్ గాలి సూటిగా తగిలే చోట ఏదీ పెట్టకండి, ఎండిన చెక్క ఒక రాత్రిలో టప్‌మని పగులుతుంది.

మీ అత్తగారి మాటను నేను కొట్టిపారేయను. తెలియనివాళ్లు వాడిన వస్తువు అంటే మన పెద్దవాళ్లకు ఒక సంకోచం ఉంటుంది, ఆ ఇంట్లో ఆమెకూ చెల్లుబాటు ఉండాలి. ఆమెతో వాదించకుండా ఒకసారి ఫిలడెల్ఫియా ఆర్ట్ మ్యూజియంలో పెన్సిల్వేనియా జర్మన్ల పెట్టెలు చూపించండి. ఎదుగుతున్న పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, పెళ్లినాటికి బట్టలూ నేతలూ దాచుకోమని చేయించి ఇచ్చినవి అవి. తులిప్ పూలు, పిట్టలు, హృదయాల మధ్య ఆ పిల్ల పేరు, సంవత్సరం రాసి ఉంటాయి. సారె పెట్టె అంటే ఏమిటో ఆమెకు మీరు చెప్పనక్కర్లేదు. పూల నేత దుప్పట్లలోనూ 1820ల నుంచి మూలల్లో నేతగాడి పేరు, ఊరు, ఏడాది, ఒక్కోసారి నేయించుకున్నవారి పేరు కూడా నేసేవారు. పేరున్న వస్తువు ఒకటి ఇంట్లోకి తెస్తే ‘ముక్కూమొహం తెలియనివాళ్లు’ అన్న మాట కొంత తగ్గుతుంది.

పేర్లు దొరకనివారి సంగతి ఇంకోటి. దక్షిణ కరోలినాలోని ఎడ్జ్‌ఫీల్డ్‌లో డేవిడ్ డ్రేక్ అనే బానిస కుమ్మరి ఉండేవాడు. బానిసలకు చదువు చెప్పడాన్ని 1834లో ఆ రాష్ట్రం నేరం చేసింది. అయినా అతను పెద్ద పెద్ద జాడీలు చేసి వాటి పచ్చి మట్టి మీద తన పేరు, తేదీ, ఒక్కోసారి రెండు పాదాల పద్యం చెక్కాడు. ఆ జాడీలు ఇప్పుడు పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి. సంతకం లేని మిగతా జాడీలలో, బుట్టలలో ఎన్ని ఇలాంటి చేతులవో! ఈ సామానును ‘అమాయకమైన పాత రోజులు’ అని మురిసిపోయేవాళ్లు గుర్తుంచుకోవలసిన సంగతి ఇది.

కలంకారీ నప్పుతుందా అని సంకోచంగా అడిగారు. సంకోచం దేనికి? పద్దెనిమిదో శతాబ్దంలో మచిలీపట్నం, ఇతర కోరమాండల్ రేవుల అద్దకం బట్టలు ఇంగ్లండు మీదుగా అమెరికా వలసలకు చేరాయి. చెట్టు, పూలు, పిట్టలతో కూడిన పెద్ద పలంపోర్ దుప్పట్లు అక్కడి కలిగినవాళ్ల మంచాల మీద ఉండేవి. వింటర్‌థర్ సేకరణలోనూ ఉన్నాయి. రైతు ఇంట్లో అవి ఉండకపోవచ్చు, కానీ ఇండిగో నీలం, చిరువేరు ఎరుపు ఆ నీలం సింక్ పక్కన పరాయిగా కనిపించవు. పెడన నుంచి తెచ్చిన ఒక్క దుప్పటి గోడకు ఎండ తగలని చోట వేలాడదీయండి. ఇత్తడి కూడా బాగుంటుంది, అయితే చింతపండుతో తోమి మెరిపించినది ఒకటో రెండో చాలు. అద్దాల షోకేసు నిండా పెట్టినట్టు సింక్ మీద పేర్చకండి.

జాడీ. నీలం పిట్ట ఉన్న బూడిద రంగు జాడీ అంటే ఉప్పు మెరుగు జాడీ అయి ఉంటుంది. బట్టీ బాగా కాలుతున్నప్పుడు ఉప్పు చల్లితే ఆ ఆవిరి మట్టి మీద గాజు పొరలా పట్టుకుంటుంది. పిట్టను కోబాల్టుతో గీస్తారు. వెర్మాంట్‌లో బెన్నింగ్టన్ కుమ్మరులవి బాగా పేరున్నవి. మీది అలాంటిదైతే చవకది కాదు. దాన్ని నూనె, ఉప్పు, కారంతో నింపకండి. వందేళ్లకు పైగా దాంట్లో ఏమేం నిల్వ చేశారో తెలియదు, కంటికి కనబడని సన్న పగుళ్లలోకి నూనె దిగితే మళ్లీ రాదు. ఎర్రమట్టితో చేసి మెరుగు పెట్టిన రెడ్‌వేర్ గిన్నెలైతే ఇంకా గట్టిగా చెబుతాను. ఆ మెరుగులో సీసం ఉంటుంది, మామిడి పులుపు దాన్ని లాగేస్తుంది. అలంకారానికి తప్ప అందులో ఏదీ తినకండి. ఆవకాయకు సీసం లేదని రాసిన కొత్త జాడీ కొనుక్కోండి. పాతదానిలో గరిటెలు నిలబెట్టుకోవచ్చు. దానికి చిల్లు పొడిచి దీపం చేయిస్తామంటే మాత్రం ఒప్పుకోకండి.

రాట్నం కొనకండి. నిలబడి తిప్పే ఉన్ని రాట్నం చక్రమే నాలుగడుగుల దాకా ఉంటుంది, కూర్చుని తిప్పే అవిసె నార రాట్నానికి కదురు, దాని చుట్టూ ఉండే రెక్కలు ఎప్పుడో పోయి ఉంటాయి. కొట్లలో ఉన్నవాటిలో అన్ని భాగాలూ ఉన్నది అరుదు. నూలు వడికే ఉద్దేశం మీకు లేదు, పాప వేళ్లు చక్రం ఆకుల మధ్య దూరిపోతాయి, అది మూల నిలబడి దుమ్ము పట్టడం తప్ప ఇంకో పని చేయదు. అదే డబ్బులో షేకర్ల (నిరాడంబరంగా బతికిన ఒక క్రైస్తవ శాఖవారు) పద్ధతి కొయ్య కొక్కేల పట్టీ మేపుల్ చెక్కతో కొత్తగా చేయించి వాకిలి పక్క గోడకు కొట్టించుకోండి. కోట్లు, సంచులు, గొడుగులు, అవసరమైతే కుర్చీ కూడా దానికి తగిలించవచ్చు. షేకర్లు ఊడ్చేటప్పుడు కుర్చీలు అలాగే తగిలించేవాళ్లు. పట్టీని పెద్దవాళ్ల భుజం కంటే పైన బిగించమనండి, పాపకు కింద వేరేగా ఇంకో చిన్నది.